పచ్చసంచిలో వాటా

చిన్నకోడలు సొరుగుని వేలికొసతో అలా తాకి వదిలేసింది. అంతే, అది తనంతట తానే లోపలికి జారి, చివర్లో ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, చప్పుడు లేకుండా మూసుకుంది.

"ఇంకోసారి వెయ్యి చూద్దాం," అంది అత్తగారు. ఆవిడ కొత్త సోఫా అంచున కూర్చుని, మెడ సాచి, గారడీ చూసే పిల్లలా వంటగదిలోకే చూస్తోంది.

చిన్నకోడలు మళ్ళీ తెరిచింది, మళ్ళీ వదిలింది. సొరుగు మళ్ళీ అంతే మర్యాదగా మూసుకుంది.

మందులక్క చేతిలో కాఫీ కప్పుతో గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఈ కొత్త ఇంట్లో అన్నీ తిరిగి చూసింది. వెడల్పాటి కిటికీలు చూసింది, అద్దం తలుపుల బీరువా చూసింది, కుళాయి ఎటు తిప్పితే అటు వేడినీళ్ళు రావడం చూసింది. వాటి దగ్గర "చాలా బాగుంది" అని నోరారా అనగలిగింది. ఈ సొరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతిలో కాఫీ తాగడం మరిచిపోయింది. తన వంటింటి సొరుగుని కాస్త పైకెత్తి, తుంటితో ఒక్క తోపు తోస్తే గానీ మూసుకోదు. మూసుకునేటప్పుడు పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా కిర్రుమంటుంది.

మందులక్క ఈ కుటుంబానికి పెద్దకోడలు. ఆసుపత్రి మలుపులో మందుల కొట్టు నడుపుతుంది కనుక వీధివాళ్ళు ఆ పేరు పెట్టారు. పోనుపోను ఇంట్లోవాళ్ళ నోళ్ళలోనూ అదే నిలిచిపోయింది. చిన్నకోడలు బడిలో లెక్కల టీచరు. ఆమెకి అలాంటి పేరేమీ రాలేదు. ఇల్లు మాత్రం వచ్చింది.

"ఇదంతా పచ్చసంచి పుణ్యమే వదినా," అన్నాడు మరిది, సోఫా చేతిని నిమురుతూ.

పచ్చసంచి అంటే ఫోన్లో నొక్కితే మందులు గుమ్మంలోకి తెచ్చిచ్చే కంపెనీ. దాని అసలు పేరుకి ఎవరికీ నోరు తిరగక, బండ్ల మీద వచ్చే మనుషుల వీపున ఉండే పచ్చటి సంచుల్ని బట్టి జనం అలా పిలుస్తున్నారు. అది షేర్లు అమ్మడం మొదలుపెట్టిన కొత్తలోనే చిన్నకోడలు తన జీతంలో మిగుల్చుకున్నదంతా తీసుకెళ్ళి అందులో పెట్టింది. ఆ తర్వాత అది ఎంత ఎత్తుకి ఎదిగిందో ఈ కుటుంబంలో తెలియనివాళ్ళు లేరు. అత్తగారి దయవల్ల వీధిలోనూ లేరు. అందులో కొంత తీసి ఇల్లు కొన్నారని, మిగతాది ఇంకా అలాగే ఉందని అందరి లెక్క.

"ఇందులో కిటుకు ఏమిటంటే," మరిది పాఠం మొదలుపెట్టాడు, "మొదట్లో పది కంపెనీలు ఒక్కసారే పరుగు మొదలుపెడతాయి వదినా. అన్నీ నష్టానికే అమ్ముతాయి. దమ్ము చాలక ఒక్కొక్కటే కూలబడతాయి. ఆఖరికి నిలిచేది ఒక్కటి. అప్పటికి జనానికి వేరే దారి ఉండదు. ఇక అది చెప్పిందే ధర. ఆ ఒక్కటీ ఏదో ముందే పసిగట్టాలి. పెట్టుబడంటే అదే."

"పసిగట్టింది ఎవరూ? నా చిన్నకోడలు," అంది అత్తగారు. "దాని చూపు ఎంత దూరమో చూడు. పెద్దదానికి కౌంటరు దాటి చూపు పోదు."

"కౌంటరు దాటి చూస్తూ కూర్చుంటే కౌంటర్లో డబ్బులు పోతాయే అమ్మా!" అన్నాడు మందులక్క భర్త. అందరూ నవ్వారు. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

మందులక్క కూడా నవ్వింది. కాఫీ చల్లారిపోయింది కాబట్టి వంటగదిలోకి వెళ్ళి పారబోసింది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని ఆ సొరుగుని ఈసారి తనే గట్టిగా తోసింది, చప్పుడవుతుందేమోనని. అవలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో కూర్చుని ఆ ఇంటి లోపాలు వెతుక్కుంది. బాల్కనీకి ఎదురుగా పక్క మేడ గోడ ఉంది. మెట్లు మరీ నిటారు. వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడితే వీపుకి ఎండ కొడుతుంది. ఒక్కో లోపం దొరికినప్పుడల్లా కాస్త చల్లగా అనిపించింది. కానీ పక్కన కూర్చున్న అత్తగారు "ఆ సొరుగు చూశావా, ఎంత నెమ్మదో" అన్నప్పుడల్లా పోగేసుకున్న చల్లదనమంతా ఆవిరైపోయింది.

ఆ అత్తగారికి రోజూ పొద్దున్నే పరగడుపున ఒక బిళ్ళ, తిన్నాక రెండు, సాయంత్రం సగం విరిచిన బిళ్ళ చేతిలో పెట్టేది మందులక్కే. మింగేదాకా పక్కన నిలబడేదీ మందులక్కే. ఎప్పుడన్నా పండగకి బంధువులా వచ్చి, ఒక పళ్ళ పొట్లం ఇచ్చి వెళ్ళేది చిన్నకోడలు. మెచ్చుకోళ్ళు మాత్రం ఆ పళ్ళ పొట్లానికే దక్కుతాయి. ఇదెక్కడి న్యాయమని ఎవరిని అడగాలి? అడిగితే కుళ్ళు అంటారు. అడగకపోయినా లోపల కుళ్ళుతూనే ఉంది.

మర్నాడు పొద్దున మందులక్క స్నానం చేసి దీపం పెట్టింది. ఆమె రోజూ దేవుడిని కోరుకునేవి రెండు: కొట్టు సక్రమంగా నడవాలి, కొట్టుకి వచ్చినవాళ్ళు తొందరగా కోలుకోవాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమెకే అనుమానం వచ్చింది, అందరూ కోలుకుంటే కొట్టు ఎలా నడుస్తుందని. భర్తని అడిగితే, "ఆ లెక్క ఆయన చూసుకుంటాడులే, నువ్వు అడగడం మానకు" అన్నాడు. అప్పటినుంచి రెండూ కలిపే అడుగుతోంది. ఇన్నేళ్ళూ దేవుడు ఎలాగో సర్దుకొస్తూనే ఉన్నాడు.

ఆవేళ మాత్రం చేతులు జోడించాక నోటికి వేరే మాట వచ్చింది. "ఆ ఇంట్లో ఏముందో నాకూ ఇవ్వు స్వామీ." తర్వాత సిగ్గేసి, "ఎవరిదీ తీసి ఇవ్వొద్దు, వేరేగా ఇవ్వు" అని సరిచేసుకుంది.

కొట్టు చిన్నదే. మూడు వైపులా పైకప్పు దాకా అరలు, మూలన ఇంజక్షన్ల ఫ్రిజ్జు, ముందు గీతలు పడ్డ అద్దం కౌంటరు. భర్త పొద్దున పూట నర్సింగు హోముల చుట్టూ తిరిగి ఆర్డర్లు పట్టుకుని, మధ్యాహ్నం వచ్చి కూర్చుంటాడు. అప్పటిదాకా ఆమెదే రాజ్యం. డాక్టరు చీటీ చూసి, నిచ్చెన ఎక్కి, స్ట్రిప్పు తీసి, తేదీ చూసి, కత్తెరతో కావలసినన్ని బిళ్ళలు కత్తిరించి, తేదీ ఉన్న ముక్క తన దగ్గరే మిగిలేలా చూసుకుంటుంది. బ్రౌను కవర్లో వేసి, చదువు రానివాళ్ళకైతే కవరు మీద బొమ్మ గీస్తుంది. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, తిన్నాక వేసుకోవాల్సినదానికి పక్కన ఒక పళ్ళెం. ఆ బొమ్మలకి అలవాటుపడి చదువుకున్నవాళ్ళు కూడా "మాకూ సూర్యుణ్ణి వెయ్యి అక్కా" అని అడుగుతారు.

పది దాటాక హోల్‌సేలు కంపెనీ ఆర్డరాయన వచ్చాడు. చంకలో సంచి, చెవి మీద పెన్ను. వారానికోసారి వస్తాడు, ఏ అరలో ఏది తగ్గిందో ఆమె చెబుతుంటే రాసుకుంటాడు. డబ్బు అప్పటికప్పుడే కడితే తగ్గింపు ఇస్తాడు కాబట్టి సరుకు డబ్బు ఆమె ఎప్పుడూ విడిగా తీసి ఉంచుతుంది.

"చెప్పండి మేడమ్. గుండె బిళ్ళలు? షుగరువి?"

ఆమె అరల వైపు చూసింది. అరలు కనబడలేదు, సొరుగు కనబడింది.

"ఈ వారం నాలుగో వంతు చాలు," అంది.

"అదేంటి మేడమ్! చలికాలం, జనం దగ్గి చస్తుంటే?"

"దగ్గనివ్వండి. పాత సరుకు ఉంది."

పాత సరుకు అంతగా లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆర్డరాయన భుజాలు ఎగరేసి, రాసుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడో బ్యాంకమ్మాయి పోరుపెట్టి తెరిపించిన షేర్ల ఖాతా ఒకటి ఆమె ఫోన్లో ముట్టుకోకుండా పడివుంది. జనం పలచబడ్డాక, ఇంజక్షన్ల ఫ్రిజ్జు వైపు తిరిగి నిలబడి, మిగిలిన సరుకు డబ్బంతా అందులోకి పంపి, పచ్చసంచి షేర్లు కొంది. నొక్కేముందు "ఖాయమేనా?" అని ఫోను అడిగింది. ఆ ప్రశ్న చిన్నకోడలే వేసినట్టు అనిపించి, ఖాయమే అని గట్టిగా నొక్కింది.

భర్తకి చెప్పలేదు. చెబితే వద్దనడు. నవ్వుతాడు. ఆ నవ్వే భరించలేదు.

రెండు రోజుల్లో షేరు కాస్త పెరిగింది. కాస్తంటే కాస్తే, కానీ ఫోన్లో ఆ అంకె పచ్చగా కనిపించింది. కొట్టులో ఏళ్ళ తరబడి నిలబడి సంపాదించిన డబ్బుకి ఎప్పుడూ అలాంటి రంగు లేదు. కూర్చున్నచోట కూర్చునుండగా, చీటీ చదవకుండా, నిచ్చెన ఎక్కకుండా, ఎవరి దగ్గూ వినకుండా డబ్బు పెరగడమంటే ఏమిటో ఆమెకి మొదటిసారి తెలిసింది. చిన్నకోడలు ఇన్నేళ్ళూ ఈ సుఖంలో బతికిందా! తెలిశాక అసూయ తగ్గాలి కదా, పెరిగింది. తను పోగొట్టుకున్న ఏళ్ళన్నీ ఆ పిల్ల లాక్కుపోయినట్టే అనిపించింది.

ఆ సంతోషంలో అత్తగారి దగ్గర నోరు జారింది. బిళ్ళ చేతిలో పెడుతూ, "నేనూ కొన్నాను అత్తయ్యా, పచ్చసంచిలో," అంది.

అత్తగారు బిళ్ళ మింగడం మరిచిపోయి ఆమె మొహంలోకి చూసింది. "నువ్వా?"

"నేనే. పెరుగుతోంది కూడా. మీ అబ్బాయితో అనకండి, నేనే చెబుతాను."

"ఆహా! పెద్దదానివనిపించుకున్నావే!" అని ఆవిడ బుగ్గలు పుణికింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అది మొదటిసారి. కొడుకుతో అననని మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకుంది కూడా. మిగతావాళ్ళ సంగతి ఆవిడ మాటివ్వలేదు కదా, మధ్యాహ్నానికల్లా బంధువులందరికీ ఫోన్లు వెళ్ళాయి.

ఇక ఆ రోజునుంచి మందులక్క ఒక కొత్త పని మొదలుపెట్టింది. ఎవరైనా వచ్చి లేని మందు అడిగితే, మునుపైతే "సాయంత్రానికి తెప్పిస్తాను" అనేది. ఇప్పుడు, "మీ ఫోనిలా ఇవ్వండి" అంటోంది. వాళ్ళ ఫోన్లో పచ్చసంచిని ఎక్కించి, చిరునామా కొట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి మరీ పంపిస్తోంది. మొదట లేని మందులకే చేసింది. తర్వాత అరలో ఉన్న మందుకి కూడా, "అక్కడైతే తక్కువకొస్తుంది" అని నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. బల్లకింద తన ఫోన్లో అంకె చూసుకుంది. ఈ ఒక్క మనిషి వల్ల అది కదలదని తెలుసు. అయినా చూసుకుంది.

మధ్యాహ్నం వచ్చిన భర్త కాసేపు ఈ తంతు చూశాడు. ఒక ముసలావిడకి వేలు పట్టుకుని ఫోను నొక్కించడం అయ్యాక అన్నాడు:

"ఏమోయ్, మన కొట్టుకి మనమే దారి చూపించి బయటికి పంపుతున్నామేంటి?"

"జనానికి సాయం."

"మనమూ జనమే కదోయ్!" అని నవ్వి, ఖాళీ అరల వైపు చూసి, నవ్వు ఆపేశాడు.  ఆయన అలా అడగకుండా ఊరుకోవడం ఆమెకి గుచ్చుకుంది, కానీ ఆగలేదు.

పొద్దున దీపం దగ్గర ఇబ్బంది మొదలైంది. "కొట్టు సక్రమంగా నడవాలి" అనబోయి ఆగింది. కొట్టు నడిస్తే పచ్చసంచి నడవదు. "పచ్చసంచి పెరగాలి" అనబోయింది. అది పెరగాలంటే ఇలాంటి కొట్లు ఒక్కొక్కటే కూలబడాలని మరిది చెప్పాడు కదా. ఏ కోరిక దేన్ని కొట్టేస్తుందో తేల్చుకోలేక, "నీకు తెలిసిందే చెయ్యి" అని లేచిపోయింది. దేవుడికి ఇంత పెద్ద చిక్కు ఆ ఇంట్లోంచి ఎప్పుడూ వెళ్ళి ఉండదు.

ఆ రోజే ఎదురుకొట్టు మీద బోర్డు వేలాడింది. "అద్దెకు ఇవ్వబడును."

ఎదురుకొట్టు కూడా మందుల కొట్టే. దాని యజమాని బక్కపలచని మనిషి, కళ్ళజోడుకి ఒక చెవి దగ్గర దారం కట్టుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆయనకీ వీళ్ళకీ పైకి నమస్కారాలు, లోపల పోటీ. ఆయన ఒక మందు మీద ధర తగ్గిస్తే వీళ్ళూ తగ్గించేవారు, వీళ్ళు తలుపు అరగంట ముందు తీస్తే ఆయనా తీసేవాడు. ఆ బోర్డు చూడగానే మందులక్క లోపల ఏదో గంతేసింది. గెలుస్తోంది! ఆ మాటే ఆమె మనసులో మెరిసింది. గెలుస్తున్నది ఎవరో ఒక్క క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది. తన కొట్టు కాదు.

ఆయన బోర్డు తాడు ముడి బిగిస్తూ ఇటు తిరిగాడు. రోడ్డుకి అటువైపునుంచే గొంతెత్తి అడిగాడు:

"మీకైనా నడుస్తోందా చెల్లెమ్మా?"

ఆమె తల అటూ కాకుండా ఇటూ కాకుండా ఊపింది. ఆ గంతేసినది లోపల ఎక్కడో ఇంకా కదులుతూనే ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక గబగబా లోపలికి వెళ్ళి, తుడిచిన కౌంటరునే మళ్ళీ తుడిచింది.

మరుసటి పొద్దున కొట్టు తలుపులు ఇంకా పూర్తిగా ఎత్తకముందే పోస్టుమాస్టారు వచ్చి నిలబడ్డాడు. రిటైరై చాలా కాలమైనా మనిషి ఇంకా ఇస్త్రీ చొక్కాలోనే ఉంటాడు. భార్యకి గుండె జబ్బు. ఆవిడ బిళ్ళలు ఒక్క పూట తప్పకూడదు. మొన్న వచ్చినప్పుడు ఆయన ఫోన్లోనూ పచ్చసంచిని ఎక్కించి పంపింది మందులక్కే.

"అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే నొక్కాను. నిన్న తెస్తామన్నారు. పొద్దున చూస్తే రేపు అంటోంది. దాన్ని అడుగుదామంటే మనిషి లేడు, బొమ్మ ఒకటి నమస్కారం పెడుతోంది." ఆయన ఖాళీ స్ట్రిప్పు జేబులోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. అన్ని గదులూ చిరిగి ఉన్నాయి. "రాత్రిది ఆఖరిది. పొద్దుటిది ఇంకా వేసుకోలేదు. నీ దగ్గర ఉంటుందిలే అని వచ్చాను."

ఆమె నిచ్చెన ఎక్కింది. ఆ మందు పెట్టే అర ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చెయ్యి పెట్టింది. అట్టపెట్టె ఉంది. తేలికగా ఉంది. లోపల మడతపెట్టిన కాగితం తప్ప ఏమీ లేదు. నాలుగో వంతు చాలన్నప్పుడు ఆర్డరాయన పెన్ను ఈ పేరు మీద కూడా గీత గీసి ఉంటుంది.

నిచ్చెన మీదనుంచి కిందకి చూస్తే పోస్టుమాస్టారు నున్నటి తల, నమ్మకంగా పైకెత్తిన మొహం కనిపించాయి. 

"ఒక్క నిమిషం మాస్టారూ, కూర్చోండి," అని దిగి, కొట్టు అలాగే వదిలేసి రోడ్డు దాటింది.

ఎదురుకొట్టు సగం ఖాళీ అయిపోయింది. మిగిలిన సరుకంతా అట్టపెట్టెల్లో సర్ది, టేపు అతికించి, హోల్‌సేలు వాళ్ళకి వాపసు పంపడానికి వరసగా పెట్టాడాయన. బండి కోసం చూస్తూ స్టూలు మీద కూర్చునున్నాడు.

"అన్నయ్యగారూ, పోస్టుమాస్టారి భార్య గుండె బిళ్ళలు... నా దగ్గర అయిపోయాయి."

"నీ దగ్గరా?" ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.  వంగి, ఒక్కో పెట్టె మీద తన చేత్తో రాసుకున్నవి చదువుకుంటూ వెళ్ళి, అడుగున ఉన్నదాన్ని బయటికి లాగాడు. పైనున్న పెట్టెలన్నీ దించాల్సి వచ్చింది. ఆమె అందుకుంది. ఆయన జేబులోంచి బ్లేడు తీసి, నిన్నంతా కూర్చుని అతికించిన టేపుని ఒక్క గీతతో కోసేశాడు. వెతికి, మూడు స్ట్రిప్పులు తీసి, అలవాటుగా తేదీ చూసి ఆమె చేతిలో పెట్టాడు.

"వాపసు లెక్క తప్పుతుందేమో మీకు," అంది ఆమె.

"తప్పితే తప్పనీ. మందు మనిషి దగ్గరికి పోవడానికేగా చేశారు." ఆయన మళ్ళీ టేపు అందుకున్నాడు. "ఇక నావాళ్ళందరూ నీ దగ్గరికే రావాలి చెల్లెమ్మా. అరలు నిండుగా ఉంచుకో. పెద్ద డాక్టరు రాసే పసుపు టానిక్కు మర్చిపోకు, పిల్లలకి అదే పడుతుంది."

ఆమె రోడ్డు దాటి వచ్చింది. కవరు మీద హడావుడిగా గీసిన సూర్యుడు సొట్టపోయాడు. పోస్టుమాస్టారు అది చూసి, "ఇవాళ మబ్బు పట్టినట్టుందే" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భర్త రాగానే ఆమె ఫోను ఆయన ముందు పెట్టి అంతా చెప్పేసింది. సరుకు డబ్బు, ఆర్డరు తగ్గించడం, ఖాళీ అట్టపెట్టె. ఎదురుకొట్టు బోర్డు చూసినప్పుడు లోపల గంతేసినదాని గురించి మాత్రం చెప్పలేకపోయింది.

ఆయన చాలాసేపు కత్తెరని తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

"నాకు కోపం రావాలి కదోయ్," అన్నాడు చివరికి. "వస్తోంది. కాస్త ఆగు." కత్తెర పక్కన పెట్టి, "కొట్టా, వాటానా, ఏదో ఒకటి కోరుకో. రెండూ అడిగితే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?" అని గోడ మీది దేవుడి పటం వైపు చూపించాడు.

అమ్మేద్దామని ఫోను తీసింది. అంకె ఇంకాస్త పచ్చగా ఉంది. వేలు అక్కడే ఆగిపోయింది. తను అమ్మేస్తుంది, చిన్నకోడలు అట్టేపెట్టుకుంటుంది. వచ్చే ఏడు ఆ పిల్ల ఇంకో ఇల్లు కొంటుంది. అందులో సొరుగులే కాదు, తలుపులు కూడా చప్పుడు లేకుండా మూసుకుంటాయి. అత్తగారు అక్కడ కూర్చుని ఇంకోసారి వెయ్యి చూద్దాం అంటుంది. "రేపు అమ్ముతాను," అని ఫోను లోపల పెట్టేసింది. 

రేపు వచ్చింది. దానితోపాటు, ఎప్పుడూ కొట్టుకి రాని చిన్నకోడలు వచ్చింది. బడి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకి సుద్దపొడి ఇంకా ఉంది.

"తలనొప్పి బిళ్ళ ఇవ్వు అక్కా."

మందులక్క స్ట్రిప్పు తీసి కత్తెర అందుకుంది. చిన్నకోడలు బిళ్ళ వంక చూడలేదు. కౌంటరు మీదున్న ఫోను వంక చూస్తోంది.

"అత్తయ్య ఫోన్లో చెప్పారు, నువ్వూ కొన్నావటగా. ఎప్పుడు కొన్నావు? ఎంతలో కొన్నావు? ఎన్ని?"

"నీ అంత ముందుగా ఎక్కడ కొన్నాను. నీ వాటా ముందు నాదెంత?"

చిన్నకోడలు మొహం అదోలా అయింది. చుట్టూ చూసింది. కొట్టులో ఎవరూ లేరు.

"నాకేమీ లేదక్కా," అంది.

"ఏమీ లేకపోవడమేంటి?"

"కొన్న రెండో నెలలోనే అది దబ్బున పడింది. పిల్లలకి లెక్కలు చెబుతూ బల్లకింద ఫోను చూసుకునేదాన్ని. ఒకరోజు భాగహారం చెబుతూ ఏడ్చేశాను కూడా. కాస్త తేరుకోగానే అమ్మేశాను. పెట్టింది పెట్టినట్టు వచ్చింది, అంతే. ఆ తర్వాతే అది ఎగబాకడం మొదలెట్టింది. అత్తయ్య అడిగారు, నీ కంపెనీ పెరిగిందటగా అని. పెరిగిందండీ అన్నాను. పెరిగిన మాట నిజమే కదా! తర్వాత మీ మరిదికి చెబితే, ఇప్పుడు దిద్దుకుంటే నవ్వుతారు, ఊరుకోమన్నారు. ఆయనేమో ఆ పాఠం నాకంటే బాగా నేర్చేసుకున్నారు."

"మరి ఇల్లు?"

"బ్యాంకుది," అంది చిన్నకోడలు. "సొరుగుతో సహా."

మందులక్కకి నవ్వొచ్చింది, కానీ బయటికి రాలేదు. తను ఇన్నాళ్ళూ బిగపట్టి లాగుతున్న తాడుకి అవతలి కొసన ఎవరూ లేరన్నమాట.

"నువ్వు కొన్నావని విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదక్కా. అబద్ధమెందుకు, కుళ్ళొచ్చింది. నేను వదిలేసినదాన్ని నువ్వు పట్టుకున్నావు. ఒక్కసారి చూపించవూ? ఇప్పుడు మళ్ళీ కొనచ్చంటావా?"

మందులక్క ఫోను తీసి చూపించింది. చిన్నకోడలు కౌంటరు మీదకి వంగింది. ఆ కళ్ళు అంకె మీద నిలిచిన తీరు, అడిగిన బిళ్ళ సంగతే మరిచిపోయిన తీరు మందులక్కకి బాగా తెలిసినవే. ఆవేళ కొత్తింటి వంటగది గుమ్మంలో కాఫీ కప్పు పట్టుకుని తను నిలబడ్డ తీరు అది. ఆ పిల్ల మొహంలో ఆ చూపు చూడాలని ఎన్నేళ్ళు ఎదురుచూసింది! ఇదిగో, వచ్చింది. మందులక్క దాన్ని తృప్తిగానే చూసింది. ఒక బిళ్ళ కత్తిరించినంతసేపు ఆ తృప్తి నిలిచింది. రెండో బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి చప్పబడిపోయింది.

"కొంటే కొనుక్కో. అది నీ ఇష్టం," అంది. "నేను మాత్రం అమ్మేస్తున్నాను."

"ఎందుకు? ఇంకా పెరుగుతుందంటున్నారు!"

"పెరుగుతుందేమో. కానీ అది పెరగాలంటే ముందు ఈ కొట్టు మూతపడాలి. పొద్దున్నే తలుపు ఎత్తుతూ, ఇది మూతపడితే బాగుండు అనుకోవడం నా వల్ల కావడం లేదమ్మాయ్."

చిన్నకోడలికి ఆ మాట అర్థమైందో లేదో, తల ఊపింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "అత్తయ్యతో అనవు కదా?"

మందులక్క బ్రౌను కవరు ఆమె చేతిలో పెట్టింది. పళ్ళెం బొమ్మ గీసి ఉంది దాని మీద. "ఏదన్నా తిని వేసుకో. ఖాళీ కడుపున వేసుకోకు."

మర్నాడు పొద్దున్నే షేర్లు అమ్మేసింది. వారం తిరిగి ఆర్డరాయన వచ్చేసరికి డబ్బు చేతికొచ్చింది. నిచ్చెన మీద నిలబడి ఒక్కో అర చూసి చెప్పింది. ఎదురుకొట్టు జనానికి కావలసినవీ చెప్పింది. పసుపు టానిక్కు మర్చిపోలేదు. ఆర్డరాయన చెవి మీది పెన్ను చాలాసేపు చెవి మీదకి తిరిగి వెళ్ళలేదు. ఆవేళ పచ్చసంచి షేరు ఇంకో మెట్టు పైకెక్కిందని ఆయనే కబురు కూడా చెప్పాడు. మందులక్క మనసు చివుక్కుమంది. ఎందుకు చివుక్కుమనదు? మనిషే కదా. చివుక్కుమన్న మనసుతోనే దగ్గు మందులు ఇంకో పెట్టె ఎక్కువ రాయించింది.

మర్నాడు దీపం దగ్గర పాత కోరికలు రెండూ కలిపి అడిగింది. కొట్టు నడవాలి, అందరూ కోలుకోవాలి. అవి కూడా ఒకదానికొకటి అడ్డమే. కానీ ఆ అడ్డం అలవాటైనదే.

అత్తగారికి పరగడుపు బిళ్ళ ఇస్తూ సంగతి చెప్పేసింది, దాచి ప్రయోజనం లేదని. "అమ్మేశాను అత్తయ్యా."

ఆవిడ చేతిలో నీళ్ళ గ్లాసు ఆగిపోయింది. "అమ్మేశావా! మొన్నేగా కొన్నావు? నలుగురికీ చెప్పుకున్నానే!"

"కొట్టుకి సరుకు కావాలిగా."

"నీ కొట్టూ నువ్వూ!" ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టేసింది. "నిలకడ లేదే నీకు. పది రోజులు పట్టుకోలేకపోయావు. చిన్నదాన్ని చూడు. అది ఎంత పడినా, ఎంత లేచినా, చెక్కుచెదరకుండా ఇన్నేళ్ళనుంచీ పట్టుకు కూర్చుంది. అదీ గుండె ధైర్యమంటే. చూసి నేర్చుకో."

అవతల గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్త చేతులు ఆగాయి. చిన్నకోడలు కొట్టులో చెప్పినదంతా మందులక్క నోటే విన్నాడాయన.

మందులక్క నాలుక కొస దాకా వచ్చింది మాట. ఎంత చిన్న మాట! ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ఆ మాట అంటే ఆ సోఫా, ఆ కిటికీలు, ఆ పొగడ్తలు అన్నీ ఒక్కసారే కూలిపోతాయి. అత్తగారు నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఆ మొహం ఎలా ఉంటుందో కూడా కళ్ళకి కట్టింది.

ఆమె గ్లాసు తీసి మళ్ళీ అత్తగారి చేతికిచ్చింది.

"ముందు బిళ్ళ మింగండి. కాఫీకి ఆలస్యమవుతోంది."

ఆవిడ గొణుక్కుంటూ మింగింది. మందులక్క ఎప్పటిలా మింగేదాకా నిలబడి, వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన స్ట్రిప్పు సొరుగులో పడేసింది. సొరుగుని కాస్త పైకెత్తి తుంటితో తోసింది. ఆవేళ కొంచెం గట్టిగానే తోసింది. ఆ కిర్రుమన్న చప్పుడు పక్కింటికే కాదు, ఆ పై ఇంటికి కూడా వినబడి ఉంటుంది.